నేను చూడని ఒసాకా

సంవత్సరం మధ్యలో పిల్లల బడికి ఇచ్చే సెలవులకు ఈసారి జపాన్ వెళ్తున్నామని ఇంటావిడ మామా ప్రకటించినప్పుడు నేను పెద్ద మామా వేలికి సూది గుచ్చుతున్నాను. షుగరు చూడడానికి రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం చెయ్యి తడబడి సూది కాస్త లోతుగా దిగింది. పెద్ద మామా చెయ్యి వెనక్కి లాక్కుని నా వైపు గుర్రుగా చూసింది.

"జపాన్‌లో ఏ ఊరు మామా?" అని అడిగాను.

"ఒసాకా" అంది మామా.

కువైట్‌లో మిష్రిఫ్ అనే చోట ఒక విల్లాలో నేను నర్సుగా ఉంటున్నాను. ఇంటి యజమానురాలిని పనివాళ్ళందరం మామా అని పిలుస్తాం. ఆమె అత్తగారు మాకు పెద్ద మామా. ఆవిడ మందులు, ఇంజెక్షన్లు, స్నానం, నడక, కోపం అన్నీ నా బాధ్యత. ఒసాకా పేరు వినగానే నా చెయ్యి ఎందుకు తడబడిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాది నరసాపురం పక్కన సముద్రం వాసన వచ్చే ఊరు. నర్సింగ్ పూర్తయ్యాక నేను మొదట వెళ్ళాలనుకున్నది కువైట్ కాదు, జపాన్. అక్కడ ముసలివాళ్ళను చూసుకోవడానికి మనుషులు కావాలని, భాష వస్తే చాలు పంపిస్తామని చెప్పిన ఒక శిక్షణ సంస్థలో చేరి, దాదాపు ఏడాది విజయవాడలో హాస్టల్లో ఉండి జపనీస్ నేర్చుకున్నాను. మా పుస్తకంలో ఒక పాఠం ఉండేది. ఒసాకా చూడడానికి వచ్చిన ఒకాయన స్టేషన్లో ఉద్యోగిని అడుగుతాడు, ఈ ఊళ్ళో తప్పకుండా చూడవలసినవి ఏమిటని. ఉద్యోగి ఓపికగా చెబుతాడు: ముందు కోట చూడండి, సాయంత్రం దొతోన్‌బోరి కాలవ గట్టు మీద నడవండి, మర్నాడు రేవు దగ్గర చేపల్ని పెట్టిన పెద్ద అద్దాల మేడకు వెళ్ళండి. మా మాస్టారు ఆ పాఠం చదివించినప్పుడల్లా స్టేషన్ ఉద్యోగి వేషం నాకే ఇచ్చేవారు. నా పలుకు బాగుంటుందని. ఎంతమందికి నేను ఒసాకా చూపించానో! హాస్టల్ వంటగదిలో గిన్నెలు కడుగుతూ కూడా ఆ మాటలే అనుకునేదాన్ని.

పరీక్షలో మాత్రం పోయింది. రాయడం, చదవడం బాగానే చేశాను. చెవులకు తగిలించుకుని వినే భాగం వచ్చేసరికి ఆ గొంతులు పరుగెత్తాయి, నేను వెనకబడ్డాను. రెండోసారీ అంతే. ఇంక చాల్లే అన్నారు మా నాన్న. ఆ వేసవిలోనే కువైట్ వీసా వచ్చింది.

అందుకని ఆ పూట నోరు ఊరుకోలేదు. "మామా, నాకు ఒసాకా తెలుసు" అన్నాను.

"ఎప్పుడు వెళ్ళావు?"

"వెళ్ళలేదు. కానీ తెలుసు."

మామా నవ్వింది. అయితే ఆ సాయంత్రమే నన్ను హాల్లోకి పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. టీ కప్పు నా చేతికిచ్చింది. ఆ ఇంట్లో నేను సోఫా మీద కూర్చోవడం అదే మొదలు. కోట ఎంత దూరం, పిల్లలకు ఏది నచ్చుతుంది, చలికాలం అక్కడ పూలు ఉంటాయా అని ఒకటే ప్రశ్నలు. కోట తోటలో ఆ రోజుల్లో ప్లమ్ చెట్లు పూస్తాయని చెప్పాను. కాలవ నీళ్ళలో రంగురంగుల దీపాలు కదులుతాయని, గట్టు మీద ఆక్టోపస్ ముక్కలు పెట్టి గుండ్రంగా పొంగణాల్లాంటివి వేస్తారని చెప్పాను. వారం రోజులు అదే వరస. నాకు ఆ వారం నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఎందుకంటే పెద్ద మామా కూడా వెళ్తుందని మొదట అనుకున్నారు. ఆవిడ వెళ్తే చక్రాల కుర్చీ తొయ్యడానికి, ఇన్సులిన్ ఇవ్వడానికి నేను ఉండి తీరాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, నేనూ అడగలేదు. కానీ స్టేషన్లో దిగగానే ఏ వాక్యం ముందు అనాలో కూడా నిర్ణయించుకున్నాను.

తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పెద్ద మామా కాలిలో ఇదివరకు రక్తం గడ్డకట్టింది. అంత దూరం విమానంలో కూర్చోవడం కుదరదని ఆయన ఖండితంగా చెప్పేశారు. కారులో తిరిగి వస్తూ పెద్ద మామా కిటికీలోంచి బయటికే చూసింది. నేనూ రెండో కిటికీలోంచి అంతే.

అలా పెద్ద మామా ఆగిపోయింది, ఆమెతో పాటు నేనూ. వెళ్ళేది మామా, మేము బాబా అని పిలిచే ఆమె భర్త, ఐదేళ్ళ కవల ఆడపిల్లలు, మామా వాళ్ళ అమ్మ, ఇంకా పిల్లల్ని చూసుకునే అమ్మాయి.

ఆ అమ్మాయిది రాయచోటి దగ్గర పల్లె. నాకంటే చాలా చిన్నది. మేమిద్దరం మేడ మీద ఒకే గదిలో ఉంటాం. చురుకైనది, ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూ ఉంటుంది. నేనంటే ప్రేమ. అది కూడా ఆ రోజుల్లో నాకు భారమయింది.

"అక్కా, యాబాన్ యాడుంటాది? దుబాయి కంటే దూరమా?" అని అడిగింది. అరబ్బీలో జపాన్‌ను యాబాన్ అంటారు. తనకు ఆ పేరే తెలుసు.

"చాలా దూరం" అన్నాను.

"అంతసేపు ఇమానంలోనా? ఈ పిలకాయలు నన్ను సంపుతారు."

ఒసాకా ఎక్కడుందో తెలియని మనిషి ఒసాకాకు వెళ్తోంది. నేను గోడ వైపు తిరిగి తడిబట్టలు మడతపెట్టాను. తడిబట్టలు ఎవరైనా మడతపెడతారా!

మామా ఆ అమ్మాయిని అల్ రాయ్‌లో ఒక పెద్ద కొట్టుకు తీసుకెళ్ళి చలికోటు, బూట్లు కొనిపెట్టింది. ఆవపిండి రంగు కోటు. మా గదిలో తలుపు వెనక ఒకే కొక్కెం ఉంది. అంతకుముందు దాని మీద నా తెల్ల కోటు ఉండేది. ఇప్పుడు దాని మీద ఆ కోటు వచ్చి కూర్చుంది. పొద్దున లేచి తలుపు తీసినప్పుడల్లా నా చెయ్యి దాని మెత్తటి బొచ్చుకు తగిలేది. దాన్ని పక్కకు జరిపి నా కోటు వేసుకుని కిందికి దిగేదాన్ని. మెట్లు దిగేలోపు మొహం సరిచేసుకోవాలి కదా.

ఒక మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఆ అమ్మాయి వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"అక్కా, వాళ్ళ బాసలో నాలుగు మాటలు నేర్పియ్యవా? నీకు వచ్చంటనే."

"నీకెందుకే? మామాకు ఇంగ్లీషు వచ్చు."

"మామా నాతో ఉంటాదా యాడైనా? పిలకాయల్ని నాకిడిసి తను అంగళ్ళు తిరగతాది. ఎవురినన్నా ఏమన్నా అడగాలంటే ఎట్ల?"

కాదనడానికి నాకు కారణం దొరకలేదు. "సుమిమాసెన్" అని చెప్పాను. ఎవరినైనా పలకరించాలన్నా, క్షమించమనాలన్నా, దారి ఇవ్వమనాలన్నా ఆ ఒక్క మాటే అని.

"సుమి... మా... సేను" అంది. పడీపడీ నవ్వింది. "మా సేను! అక్కా, మా శెనక్కాయల సేను తలుసుకుంటా, ఇంక మర్సిపోను."

నాకు నవ్వు రాలేదు. ఆ మాట పలకడానికి నేను అద్దం ముందు నిలబడి పెదాలు చూసుకుంటూ సాధన చేశాను. అది మాత్రం వేరుశనగ చేనులో పడేసి తేల్చేసింది. పైగా తప్పు కూడా పోలేదు, చక్కగానే పలికింది.

వాళ్ళు వెళ్ళిన పొద్దున నేను గుమ్మం దాకా వచ్చి పిల్లలకు ముద్దులు పెట్టాను. అది కోటు వేసుకుని, రెండు చేతులా ఇద్దరు పిల్లల్ని పట్టుకుని, కారెక్కే ముందు వెనక్కి తిరిగి, "పోయొస్తానక్కా!" అని అరిచింది. గేటు మూశాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదయిపోయింది. లోపల పెద్ద మామా టీవీ పెట్టుకుని, దాన్ని చూడకుండా కూర్చుని ఉంది.

అక్కడికి చేరిన మర్నాటి నుంచి నా ఫోనుకు వీడియోలు మొదలయ్యాయి. మాటలు కూడా రికార్డు చేసి పంపేది.

"అక్కోవ్, కోట కాడ ఉండాం. అబ్బబ్బ, ఏం సలో! సుట్టూ నీళ్ళు. గోడలో బండలు సూడు, ఒక్కోటి మా ఇల్లంత ఉండాది. పైన బంగారు సేపలు పెట్టినారు. నువ్వు సెప్పిన పూలు కూడా పూసినాయి, ఎర్రవీ తెల్లవీ. లోపల లిఫ్టు పెట్టినారక్కా! లిఫ్టు ఉందని నువ్వు సెప్పలేదే?"

లిఫ్టు సంగతి పుస్తకంలో లేదు. మా పుస్తకంలో కోట బొమ్మ నల్లగా, మసకగా, ఎవరో బొటనవేలు ఒత్తినట్టు ఉండేది. దాని ఫోనులో అదే కోట ఆకుపచ్చ కప్పుతో, నీలాకాశం కింద తళతళలాడుతోంది. వీడియో చివర ఒక చిన్న వేలిముద్దర లాంటి మబ్బు. అది ఒక క్షణం తన మొహం కూడా చూపించింది. చలికి ముక్కు ఎర్రబడి ఉంది. చేతిలో కాల్చిన చిలగడదుంప, దాని మీంచి పొగ. నేను ఫోను బోర్లా పెట్టేశాను. కాసేపటికి మళ్ళీ తిప్పి, మొదటి నుంచి చూశాను.

తర్వాత కాలవ. గట్టు వెంట దుకాణాల మీద బొమ్మలు, అందులో ఒక పెద్ద పీత కాళ్ళు కదుపుతోంది. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. తర్వాత రేవు దగ్గరి అద్దాల మేడ. నీలం నీళ్ళలో బస్సంత చేప మెల్లగా తిరుగుతోంది, దాని ముందు కవలలు ఇద్దరూ నోరు తెరుచుకుని నిలబడ్డారు. వాళ్ళ వెనక అద్దంలో దీని ఆవపిండి రంగు నీడ. నేను ఎంతోమందికి దారి చెప్పి పంపిన చోట్లన్నీ వరసగా అవే. ఎవరో నా పెట్టె తాళం తీసి నా బట్టలు తీసి కట్టుకుని తిరుగుతున్నట్టు అనిపించింది.

అన్నిటికంటే బాధించింది ఒక చిన్న కబురు.

"అక్కా, ఈ పొద్దు రైల్లో ఏమయిందో తెల్సా? నిలబడనీకి జాగా లేదు. సిన్నది నిద్రపోయి నా బుజం మీద యాలాడతాంది. ముందర ఒక ముసలామె సంచి అడ్డం పెట్టుకోని ఉండాది. 'సుమి మా సేను' అన్నా. ఆమె నన్ను సూసి నవ్వి, ఏందేందో సెప్పి, సంచి తీసి నన్ను కూసోబెట్టింది. పిలకాయలకు సాక్లెట్లు ఇచ్చింది. నువ్వు నేర్పిన మాట పనిచేసిందక్కా!"

అది వింటున్నప్పుడు నేను వంటగదిలో పెద్ద మామా జావ కలుపుతున్నాను. గరిటె ఆగిపోయింది. అంతకాలం నేను జపనీస్ ఎవరితో మాట్లాడాను? విజయవాడ మాస్టారితో, హాస్టల్ పిల్లలతో, అద్దంతో. నా నోటి నుంచి ఒక్క మాట కూడా ఇంతవరకు జపాన్ మనిషి చెవిన పడలేదు. దాని మాట పడింది. ఒక ముసలావిడ విని, నవ్వి, జవాబు చెప్పింది. ఆ జవాబు ఏమిటో దానికి అర్థం కూడా కాలేదు. నాకయితే అర్థమయ్యేది.

జావ అడుగంటింది. మళ్ళీ కాచాను.

ఇంట్లో ఇలా కుళ్ళిపోతున్నది నేనొక్కదాన్నే కాదని త్వరలోనే తెలిసింది. మామా పంపే వీడియోలు పెద్ద మామా ఫోనుకు వచ్చేవి. ఆవిడకు కళ్ళు సరిగ్గా కనిపించవు గనక నేను పక్కన కూర్చుని చూపించాలి. వాటిలో ఎక్కువగా కనబడేది ఆవిడ వియ్యపురాలు, అంటే మామా వాళ్ళ అమ్మ.

"చూడు, నడుస్తోంది!" అంది పెద్ద మామా మొదటి రోజే. "ఇక్కడ సోఫా మీంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అక్కడ చూడు, మేకపిల్ల!"

"అవును మామా. మోకాలు నొప్పి కూడా పోయినట్టుంది" అన్నాను.

"నాకంటే పెద్దది అది. పెళ్ళిలో వయసు తగ్గించి చెప్పారు."

ఇంక అక్కడి నుంచి రోజూ పొద్దున ఇన్సులిన్ అయ్యాక మా ఇద్దరి సభ. ఆవిడ వియ్యపురాలిని, నేను ఊళ్ళో చూడవలసిన చోట్లను తీసిపారేసేవాళ్ళం. కోట మేడ పాతది కాదు, మళ్ళీ కట్టించినది అని నేను చెబితే ఆవిడ తృప్తిగా తల ఊపేది. ఆ పెద్ద చేప ఎప్పుడూ ఒకే తొట్టిలో తిరుగుతుంది పాపం అంటే, "అచ్చం నాలాగే" అంది.

ఒక పొద్దున వియ్యపురాలు ప్లమ్ చెట్టు కింద నిలబడి రెండు వేళ్ళు చాపి దిగిన ఫోటో వచ్చింది. బుగ్గల దగ్గర ఎర్రపూలు. పెద్ద మామా దాన్ని చాలాసేపు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఫోను నా ఒళ్ళో పడేసింది.

"అబాయా తీసుకురా. డ్రైవర్ని పిలువు. మనం కూడా చూడ్డానికి పోతున్నాం. యల్లా, పద!"

"ఎక్కడికి మామా? బాబాను అడగాలి కదా..."

"బాబాను నేను కన్నానా, బాబా నన్ను కన్నాడా?"

అయినా నేను బాబాకు ఫోను చేశాను. ఆయన నవ్వి, మందులు తీసుకెళ్ళమని, చలిగాలి తగలకుండా చూడమని చెప్పాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వానలు పడిన ఏడు ఎడారి ఇసుక కింద ఫగ్గా అని ఒక రకం పుట్టగొడుగు పుడుతుంది. చూడ్డానికి మట్టి అంటిన బంగాళాదుంపలా ఉంటుంది, కానీ కువైటీలకు దాని మీద ఉన్న మోజు అంతా ఇంతా కాదు. అల్ రాయ్‌లో గోదాముల అవతల దాని కోసమే ఒక బజారు పెడతారు. డ్రైవరు అక్కడికి తీసుకెళ్ళాడు. చక్రాల కుర్చీ తోస్తూ వరసల మధ్య తిరిగాం. పెద్ద మామా ఒక్కొక్క బుట్ట దగ్గరా ఆపించి, ఒకటి తీసి వాసన చూసి, "ఇది మన మట్టి కాదు" అని వెనక్కి వేసేది. అమ్మేవాళ్ళు ఒట్లు పెట్టేవాళ్ళు. ఆవిడ నమ్మేది కాదు. చివరికి ఒక ముసలాయన దగ్గర తెల్లవి దొరికాయి. వాసన చూసి కళ్ళు మూసుకుంది. ఆవిడను అంత హాయిగా నేనెప్పుడూ చూడలేదు.

అక్కడి నుంచి కబ్ద్‌లో వాళ్ళ బంధువుల తోటకు వెళ్ళాం. ఊరు దాటి ఎడారిలోకి వెళ్తుంటే ఇసుక మీద పల్చగా పచ్చిక, మధ్యమధ్య పసుప్పచ్చ పూలు. కువైట్‌లో అలాంటిది ఉంటుందని నాకు తెలియదు. తోటలో మేకలు, ఒంటెలు, గాలికి ఊగే గుడారాలు. పెద్ద మామా కుర్చీని ఆ పూల మధ్యకు తోయించుకుని, పైన వేసుకున్న నల్ల అబాయా సర్దుకుని, రెండు వేళ్ళు చాపింది.

"తియ్యి. ఒళ్ళో ఫగ్గా కనబడాలి. కనబడుతోందా? ఇప్పుడు దానికి పంపు."

వియ్యపురాలికే పంపాను. ఎంతోసేపు పట్టలేదు, ఫోను మోగింది. స్పీకరు పెట్టమంది పెద్ద మామా.

"నేను లేకుండా ఫగ్గాకు వెళ్ళావా?" అటు నుంచి ఏడుపు గొంతు. "తెల్లదేనా? వల్లా, ఒట్టు వేసి చెప్పు, తెల్లదేనా? ఇక్కడ అన్నం, చేప, అన్నం, చేప! నాకు కొంచెం దాచు హబీబ్తీ!"

"చూస్తాను. మిగిలితే" అంది పెద్ద మామా. ఫోను పెట్టేశాక కుర్చీలో వెనక్కి వాలి, భుజాలు ఎగిరేలా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆవిడ డ్రైవరుకు నా ఫోను ఇప్పించి, ఒంటె పక్కన నాకు కూడా ఫోటో తీయించింది. "నీ పిల్లకు పంపు" అంది కన్నుగీటుతూ. నేను ఏమీ చెప్పకపోయినా ఆవిడకు తెలిసిపోయిందన్నమాట.

పంపాను. జవాబు కోసం ఇంటికి వచ్చేదాకా ఫోను చూసుకుంటూనే ఉన్నాను. చివరికి వచ్చింది. "అక్కా, ఎంత బాగుండావో! ఒంటె నిన్ను సూసి నవ్వుతాంది." దాని గొంతులో నాకు కావలసిన కుళ్ళు మచ్చుకైనా లేదు, ఉన్నదంతా సంతోషమే. దాని వెనకే ఇంకో వీడియో వచ్చింది. రేవు పక్కన పెద్ద రంగులరాట్నం, దాని పైనుంచి కనబడే సముద్రం.

పెద్ద మామా గెలిచింది. నేను గెలవలేదు.

వాళ్ళు తిరిగి వచ్చారు. అది నాకు ఊలు మేజోళ్ళు తెచ్చింది. మా గదిలో కూర్చుని అన్నీ చెప్పబోయింది, తలనొప్పి అన్నాను. పాపం, నూనె రాస్తానంది.

ఆ వారం, ఇక్కడి సెలవు రోజైన శుక్రవారం, మా తెలుగువాళ్ళ చర్చి ప్రార్థనకు ఇద్దరం కలిసి వెళ్ళాం. ప్రయాణంలో పిల్లల్ని బాగా చూసుకుందని మామా దానికి ఆ పూట సెలవిచ్చింది. ప్రార్థన అయ్యాక టీ తాగుతుండగా ఎవరో జపాన్ సంగతి ఎత్తారు. విజయవాడ నుంచి వచ్చిన ఒక ఇంజనీరు గారి భార్య ఆసక్తిగా దగ్గరికి వచ్చింది. వాళ్ళు వేసవి ముందు అక్కడికే వెళ్ళబోతున్నారట.

"ఒసాకాలో ఏమేం చూడాలమ్మా? తప్పకుండా చూడాల్సినవి చెప్పు, మాకు నాలుగు రోజులే ఉన్నాయి" అని దాన్ని అడిగింది.

చుట్టూ జనం చేరారు. నా పాఠం అది. స్టేషన్ ఉద్యోగి వేషం నాది. టీ గ్లాసు పట్టుకుని నేను గోడ పక్కన నిలబడ్డాను.

"మా అక్కనడగండి మేడం, అన్నీ ఆమే సెప్పి పంపించింది" అంది అది నన్ను చూపిస్తూ. అందరూ నా వైపు తిరిగారు. దయగా పడేసిన ఆ మాట నాకు గొంతు దిగలేదు.

"నేను వెళ్ళలేదండి. వెళ్ళినవాళ్ళనే అడగండి" అన్నాను.

అది వాళ్ళ వైపు తిరిగింది. "కోట బాగుండాది, సేపలు బాగుండాయి" అంది. "నాకైతే గుడ్డలుతికే అంగడి నచ్చింది మేడం."

"ఏం అంగడి?"

"మేముండే హోటలు సందులో ఉండాది. మిషన్లు వరసగా ఉంటాయి. పిలకాయల గుడ్డలు మాసిపోయినాయని మామా నన్ను పంపింది. మిషన్లో ఏసి కూసున్నా. గంట పడతాది. ఇంగొక ముసలాయన ఉండాడు, పేపరు సదువుకుంటా. బయట సన్నంగా వాన. ఆ గంటసేపు నన్నెవురూ పిలవలే. ఇట్ల రా, అట్ల పో, ఇది తే అని ఎవురూ అన్లే. లోపల ఎచ్చగా ఉండాది. గుడ్డలు తిరగతా ఉంటే సూస్తా కూసున్నా. ముసలాయన పోతా పోతా నాకు దండం పెట్టినట్టు వంగినాడు. నాకు! నేనూ లేసి వంగినా."

అందరూ నవ్వారు. "జపాన్ పోయి బట్టలుతుక్కుని వచ్చావా!" అంది ఒకామె. ఇంజనీరు గారి భార్య కూడా నవ్వి, కోట టిక్కెట్ల సంగతి అడిగింది. అదీ వాళ్ళతో పాటు నవ్వేసింది.

నేను మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేశాను. కోట చూసి ఏడ్చాను, కాలవ చూసి ఏడ్చాను, రైలు ముసలావిడను తలుచుకుని ఏడ్చాను. అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎవరూ పిలవని గంట! ఈ దేశం వచ్చాక నాకు అలాంటిది ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాను. ప్రార్థనలో ఉన్నా ఫోను ఒళ్ళో ఉంటుంది. నిద్రలో ఉన్నా పెద్ద మామా మోగించే గంట కోసం ఒక చెవి మేలుకునే ఉంటుంది. బట్టలుతికే అంగడి మీద కూడా అసూయ పడతానని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను. "ఆ గంటా నిజంగా ఏమీ చెయ్యలేదా?"

"ఏం జేయలే అక్కా. మొదుట్లో బయమేసింది, ఎవురూ పిలవలేదేందబ్బా అని. తర్వాత..." అని ఆగిపోయింది. దాని మొహం కిటికీ వైపు తిరిగి మెరుస్తోంది.

రెండు రోజులు నాలో నేను నలిగి, మూడో రోజు పెద్ద మామాను అడిగాను. వారానికి ఒక గంట కావాలని.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు మామా."

"ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఎవరూ లేకుండా ఉండడానికే."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. "వెళ్ళు" అంది. "నాకూ ఆ గంట నీ మొహం తప్పుతుంది. పొద్దున లేస్తే నువ్వే, పడుకుంటే నువ్వే. నన్నెవరు ఒంటరిగా వదిలారు గనక!"

ఆ మాటకు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళూ ఆవిడకు నేను తోడు ఉన్నాననే అనుకున్నాను. కాపలా కూడా ఉన్నానని అప్పుడు తెలిసింది.

మిష్రిఫ్‌లో నడిచేవాళ్ళ కోసం చెట్ల మధ్య ఒక బాట ఉంది. ఎండ తగ్గాక అక్కడికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ఫోను గదిలోనే వదిలేశాను. మొదటి పావుగంట చెయ్యి జేబులో దాన్నే వెతికింది. ఆవిడ పడిపోయిందేమో, షుగరు తగ్గిందేమో అనిపించింది. ఎవరో నన్ను పిలిచినట్టు రెండుసార్లు వెనక్కి తిరిగాను. తర్వాత ఒక పిచ్చుక బెంచీ కింద ఏదో ఏరుకుంటుంటే దాన్ని చూస్తూ ఉండిపోయాను. లేచి ఇంటికి వచ్చేసరికి పెద్ద మామా గదిలో రేడియో పెద్దగా మోగుతోంది. ఆవిడ మొహం కడిగినట్టు ఉంది.

మేడ మీద అది పిల్లల బూట్లు సర్దుతోంది. "యాడికి పోయినావక్కా?"

"అలా బయటికి."

"ఏం జేసినావు?"

"ఏమీ చెయ్యలేదు."

"గంటంతానా?" బూటు చేతిలో అలాగే ఉండిపోయింది. నేను ఇన్నాళ్ళూ దాని గొంతులో వెతుక్కున్నది అప్పుడు కళ్ళలో కనబడింది. దాచను, నాకు బాగానే అనిపించింది. ఆ రాత్రి అన్నం కూడా రుచించింది.

కానీ అది ఎక్కువ కాలం రుచించలేదు. ఆ అమ్మాయి కూడా ఒక గంట అడిగితే, పిల్లల్ని ఎవరు చూస్తారంది మామా. సరైన ప్రశ్నే. దాని జవాబు నా దగ్గర ఉందని నాకు తెలుసు. చెప్పాలని లేదు. రెండు మూడు వారాలు చెప్పలేదు కూడా. నా బెంచీ, నా పిచ్చుక, నా గంట. చివరికి ఒక సాయంత్రం బెంచీ మీంచి లేచి వస్తుంటే, కిటికీలో అది ఇద్దరు పిల్లల్నీ చెరొక చంకనా వేసుకుని దారికేసి చూస్తూ కనబడింది.

మర్నాడు మామాతో అన్నాను, వారానికో గంట కవలల్ని నేను చూస్తానని. పెద్ద మామా గదిలోనే ఆడిస్తానని. మామా సరేనంది.

అది వెళ్ళింది. కవలలు పెద్ద మామా మంచం ఎక్కి దిండ్లతో కోట కట్టారు. ఆవిడ అరిచింది, తిట్టింది, చివరికి తనే ఒక దిండు అందించింది. గంట కాగానే అది తిరిగి వచ్చింది. చెప్పులకు ఇసుక, జడలో ఒక ఎండుటాకు. పిల్లల్ని ఎత్తుకుని, "మంచిదక్కా" అని మాత్రం అంది.

ఎక్కడికి వెళ్ళిందో, ఏం చూసిందో చెప్పలేదు. నేనూ అడగలేదు. తెలుసుకోవాలని మాత్రం లోపల చాలా ఉంది.